సూద్ క్రియార్థవిచారము

హైదరాబాదునందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములు నేఁడు ఉద్యోగపరీక్షార్థులకు నెలవులు. చిక్కడపల్లి నగరకేంద్ర గ్రంథాలయమునను, అశోక్‌నగరపు శిక్షణకేంద్రములందును జదువువారు ఆంగ్లపర్యాయపదములను వల్లించుచుందురు. గ్రూప్-1 ప్రధానపరీక్షయందు ఆంగ్లపత్రము అర్హతకు మాత్రమే యైనను, అందుఁ దప్పినవానికిఁ దక్కిన పత్రములలోని శ్రమయెల్ల వ్యర్థమగును. సూద్, అస్వేజ్, మాలిఫై, కన్సోల్ అను నాలుగు క్రియలకును ‘శాంతింపఁజేయుట’ యని యొక్కటే యర్థము వ్రాసికొనుట సులభము. వాక్యమునఁ బ్రయోగింపవలసినపు డది చాలదు.

సూద్ క్రియకు మూలము ప్రాచీనాంగ్లమున సత్యార్థకమగు సోథ్ శబ్దము. ఇది సంస్కృత సచ్ఛబ్దమునకు జ్ఞాతి యని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. మొదట నీ క్రియకు ‘నిజమని నిరూపించుట’ యర్థము. 16వ శతాబ్దమునఁ ‘బరుని మాటకు నిజమే యని తలయూఁచుట’ యను నర్థమును, దానివెంట ఇచ్చకమాడుట యను నర్థమును గలిగెను. 17వ శతాబ్దము ముగియు నాఁటికి ‘ఊరడించుట’ యను నర్థము నెలకొనెను. అస్వేజ్ క్రియకు మూలమైన లాటిను సువావిస్ శబ్దము మన స్వాదుశబ్దమునకును, మాలిఫై క్రియకు మూలమైన మొల్లిస్ శబ్దము మృదుశబ్దమునకును జ్ఞాతులు. ఇట్లు మొదటిదానియందు సత్యము, రెండవదానియందు మాధుర్యము, మూఁడవదానియందు మార్దవము గర్భితములు.

ప్రయోగభేదము కర్మపదమునుబట్టి తెలియును. సూద్ క్రియకు ఏడ్చు బిడ్డయుఁ గర్మ కావచ్చును, మండు గొంతుయుఁ గావచ్చును. అస్వేజ్ క్రియకు దుఃఖము, భయము, ఆఁకలి మొదలగునవి కర్మలు. మనుష్యుఁడు కర్మ యగుట యరుదు. మాలిఫై క్రియకుఁ గోపించినవాఁడును, కన్సోల్ క్రియకు దుఃఖితుఁడును గర్మలు. తెలుఁగునను ఇట్టి వ్యవస్థ కలదు. బిడ్డను లాలింతుము, అలిగినవానిని అనునయింతుము, దుఃఖితుని ఓదార్తుము, బాధను ఉపశమింపఁజేయుదుము. ‘నొప్పిని ఓదార్చెను’ అనుట తెలుఁగు కాదు. మఱియు సూద్ క్రియ బాధ తగ్గుటనే తెలుపును గాని రోగము మానుటను దెలుపదు. తేనె గొంతునకు హాయి గూర్చు ననునపుడు ఈ క్రియ చెల్లును. వ్యాధి కుదిర్చె ననునపుడు చెల్లదు.

సంస్కృతమున సాంత్వధాతువు చురాదిగణమందు సామప్రయోగార్థమునఁ బఠింపఁబడినది. అమరకోశమున సాంత్వశబ్దము మిక్కిలి మధురమగు వాక్కునకును, చతురుపాయములలో మొదటిదగు సామమునకును బేరు. కాని మాధుర్యము ఒక్కటియే చాలునా? ఫలితములలోఁ దన సంఖ్య కానరాని పరీక్షార్థితో ‘తప్పంతయు నీ పత్రము దిద్దినవారిదే’ యనుట 16వ శతాబ్దపు సూద్, అది ఇచ్చకము. పోయినది పోయిన దని యొప్పుకొనుచు, మిగిలిన బలమును మెల్లగాఁ జూపుట నిజమైన ఓదార్పు. అందు సత్, స్వాదు, మృదువులు మూఁడును గలియును.

కావున బోధకులు ఇట్టి క్రియలకు అర్థమును మాత్రమే కాక, ప్రక్కనే కర్మపదమునుగూడ వ్రాయించుట మేలు.