వానరాత్రి పాఠం ఎందుకు ఎక్కదు?

రాత్రి ఎనిమిదింటికి వాన అందుకుంటే చాలామంది పిల్లలకు పుస్తకంలో పేజీ తిరగదు. కెమిస్ట్రీ ఫార్ములా కళ్లముందే ఉంటుంది, చూపు కిటికీ దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. అది అన్యాయం. ఆ వేళ మెదడు ఖాళీగా కూర్చోదు, మరో పనిలో పడుతుంది. వాన ఆ పనికి అన్నీ అమర్చిపెడుతుంది. ముందు వాసన. ఎండిన నేల తడిసినప్పుడు వచ్చే కమ్మదనానికి ముఖ్య కారణం జియోస్మిన్, మట్టిలోని బాక్టీరియా తయారుచేసే పదార్థం. ఈ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు, కన్నౌజ్ అత్తరువాళ్లు అంతకు చాలా ముందునుంచే దాన్ని సీసాల్లో నింపి అమ్ముతున్నారు. చూపు, వినికిడి మెదడులో థాలమస్ అనే కూడలి దాటి వెళ్లాలి. వాసనకు ఆ మజిలీ అక్కర్లేదు, జ్ఞాపకాలూ ఉద్వేగాలూ ఉండే చోటికి అడ్డదారిన చేరిపోతుంది. ఆ వెనకే చప్పుడు. రేకుల మీద ఒక మోత, పెంకుల మీద ఇంకొకటి, చూరు కింద పెట్టిన బకెట్లో చుక్క చుక్కకూ వేరే శబ్దం. వీధి గోలంతా దాని కింద మునిగిపోతుంది. బయట పట్టించుకోవలసింది తగ్గేకొద్దీ మనసు లోపలికి తిరుగుతుంది. అలాంటప్పుడు చురుకయ్యే మెదడు భాగాలను 2001లో మార్కస్ రైకిల్ బృందం గుర్తించింది. వాటిని డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటున్నారు. పాత సంగతులు తవ్వడం, జరగనివి ఊహించడం, రేపటిని అల్లుకోవడం వాటి పని.

వాన పడితే పని బాగా సాగుతుందని వాదించేవాళ్లున్నారు, వాళ్లకు ఆధారమూ ఉంది. జపాన్‌లోని ఒక బ్యాంకు ఉద్యోగులపై 2014లో వెలువడిన అధ్యయనంలో వానరోజుల్లో పని వేగం పెరిగినట్టు తేలింది. ఎండ కాసేటప్పుడు బయట తిరగాలన్న ఆలోచనలు లాగుతాయి, వానలో ఆ లాగుడు ఉండదని పరిశోధకుల వివరణ. నిజమే కావచ్చు. కానీ ఆ ఉద్యోగులు చేసింది ఇంటిరుణాల దరఖాస్తుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని, అదీ ఆఫీసులో. ఇంట్లో రాత్రిపూట చదివే పిల్లను లాగేది బయటి ప్రపంచం కాదు, తన తలలోనిదే. ఫోన్‌లో వానచప్పుడు పెట్టుకుని చదివేవాళ్ల మాటేమిటి అనవచ్చు. ఆ చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది. దానికి మట్టివాసన లేదు, ఉరుము లేదు, కరెంటు పోదు. ఇక ఇల్లు కారుతున్న పిల్లకు వానరాత్రి ఊహల రాత్రి కానే కాదు. చాప ఎటు జరపాలన్నదే అక్కడ చింత, ఆ బాధకు ఈ వ్యాసంలో జవాబు లేదు.

వానలో చదువు సాగని ఇబ్బందిని మన పాత చదువు లెక్కలోకి తీసుకుంది. శ్రావణంలో ఉపాకర్మతో వేదాధ్యయనం మొదలుపెట్టమన్న మనుస్మృతి నాలుగో అధ్యాయమే, వానాకాలం రాత్రి గాలి హోరు చెవినపడితే, ఉరుములు మెరుపులతో వాన కురిస్తే అనధ్యాయం, అంటే చదువుకు సెలవు, పాటించమంది. అది ఆచార నియమమే. అయినా చెవితో విని వల్లించే చదువులో గురువు గొంతు వాన మోతకు సరిగా వినబడకపోతే స్వరం తప్పుతుంది. నియమం వెనక ఈ అనుభవం కూడా ఉండి ఉంటుందని నా నమ్మకం.

ఊహలు మార్కులు తెస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. ఊహ ఒక్కటే చాలదనడానికి ఒక ఉదాహరణ ఉంది. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలి, మరుసటి ఏడు యూరప్‌లో వేసవంతా వానలై పోయింది. జెనీవా సరస్సు ఒడ్డున ఇంట్లో చిక్కుకున్న మేరీ షెల్లీకి పద్దెనిమిదేళ్ల వయసులో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఊహ పుట్టింది అప్పుడే. పుస్తకం వచ్చింది మాత్రం 1818లో. ఊహ వానలో వచ్చినా, రాతలో ఎక్కువ భాగం ఆ తర్వాత కూర్చుని చేసిందే. అందుకే వానరాత్రి ఈక్వేషన్లు పక్కన పెట్టి తెలుగు వ్యాసమో, కథో, పొద్దున చదివిన పాఠం మీద సొంత ప్రశ్నలో రాసుకోనివ్వాలి. మర్నాడు ఆ ఈక్వేషన్లు గట్టిగా పట్టించాలి. మనకు నైరుతి వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పది, ఇంటర్ పరీక్షలు ఎండలు ముదిరే వేళకు. మధ్యలో బోలెడు పొడి రాత్రులున్నాయి.