పెద్దప్రేగు క్యాన్సరు – రక్తము చెప్పే సాక్ష్యము

పెద్దప్రేగులోని క్యాన్సరు గడ్డను శస్త్రవైద్యుడు పూర్తిగా తొలగించినాడనుకొందాము. గాయము మానినది, రోగి ఇల్లు చేరినాడు. అయినా ఒక ప్రశ్న మిగిలియున్నది. కంటికి కానరాని క్యాన్సరు కణాలు శరీరములో ఇంకా దాగియున్నవా? ఈ ప్రశ్నకు రక్తపరీక్ష ఎంతవరకు సమాధానము చెప్పగలదో ఈ వ్యాసములో మేము వివరింపదలచినాము.

గడ్డ ప్రేగుగోడలో లోతుగా చొచ్చుకొనిపోయినా, లింఫు గ్రంథులకు వ్యాపించని స్థితిని రెండవ దశ అంటారు. ఈ దశలో నూటికి సుమారు 80 మందికి శస్త్రచికిత్స ఒక్కటే చాలును. మిగిలినవారికి వ్యాధి తిరుగబెట్టవచ్చును. ఎవరు ఏ కోవకు చెందినవారో ముందుగా తెలియదు. అందుచేత అవసరము లేనివారు కొందరు కూడా కీమోథెరపీ బాధలను అనుభవించవలసి వస్తున్నది. ఈ చికిత్సలో వాడే ఆక్సాలిప్లాటిన్ అనే మందు వలన వ్రేళ్ళకు తిమ్మిరి పట్టి, కొందరిలో ఏండ్ల తరబడి నిలిచిపోతుంది. కలము పట్టే గుమాస్తాకు, సూది పట్టే దర్జీకి ఇది చిన్న కష్టము కాదు.

1965లో కెనడాలోని మాంట్రియల్ నగరములో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు సి.ఇ.ఎ. అనే పదార్థాన్ని కనుగొన్నారు. శస్త్రచికిత్స తరువాత రక్తములో ఇది పెరుగుతూ పోతే వ్యాధి తిరిగి వచ్చినదేమోనని అనుమానిస్తారు. కాని పొగ త్రాగేవారిలోను, కాలేయవ్యాధి ఉన్నవారిలోను కూడా ఇది పెరుగవచ్చును. కొన్ని గడ్డలు దీనిని ఉత్పత్తి చేయనే చేయవు.

ఇంతకంటె సూటియైన సాక్షి డి.ఎన్.ఏ. నశించే కణాలు తమ డి.ఎన్.ఏ. తునకలను రక్తములోనికి విడుస్తాయి. తొలగించిన గడ్డలోని జన్యుమార్పులను ముందుగా గుర్తించి, అవే మార్పులు గల తునకలకై రక్తములో వెదకుతారు. ఈ తునకలు రక్తములో కొన్ని గంటలకు మించి నిలువవు. కావున శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాల తరువాత కూడా అవి కనబడితే, వాటిని విడిచే క్యాన్సరు ఇంకా ఎక్కడో మిగిలియున్నదని అర్థము.

ఆస్ట్రేలియాలో 2015లో ఆరంభమైన ఒక పరిశీలనలో రెండవ దశ రోగులు 455 మంది పాల్గొన్నారు. ఒక వర్గములో 4వ, 7వ వారాల రక్తపరీక్షలలో ఏ ఒక్కదానిలోనైనా ఆ తునకలు కనిపించినవారికే కీమోథెరపీ సూచించినారు. రెండవ వర్గములో వైద్యులు వాడుక పద్ధతినే అనుసరించినారు. 2022లో ఫలితాలు వెలువడినవి. కీమోథెరపీ పొందినవారు మొదటి వర్గములో నూటికి 15 మంది, రెండవదానిలో 28 మంది. రెండేళ్ళ తరువాత వ్యాధి తిరుగబెట్టక జీవించియున్నవారు మొదటిదానిలో 93.5 శాతము, రెండవదానిలో 92.4 శాతము. అనగా మందు దాదాపు సగానికి తగ్గినను రోగులకు నష్టము కలుగలేదు.

అయితే తునకలు కనబడనంత మాత్రాన వ్యాధి ఇక రాదని పూచీ లేదు. తరువాతి పరీక్షలు మానరాదు. లింఫు గ్రంథులకు వ్యాపించిన మూడవ దశకు ఈ ఫలితాన్ని యథాతథముగా అన్వయింపరాదు. మందు ఎవరికి అవసరమో తెలియడమే కాదు, ఎవరికి అక్కరలేదో తెలియడము కూడా వైద్యమేనని మనము గ్రహించవలెను.