పడిన విమానమును మరల ఎగురవేయుట

మన యింటిలోని రేడియో ఒకనాడు హఠాత్తుగా మూగవోయినచో వెంటనే క్రొత్త రేడియో కొనము. ముందుగా ప్లగ్గు చూతుము, బ్యాటరీ చూతుము, ఏరియల్ తీగె ఊడినదేమో చూతుము. అప్పటికిని పలుకనియెడల మరమ్మతు తెలిసినవాని కడకు కొనిపోదుము. అతడు కూడ తొలుతనే భాగములు మార్చడు. ధ్వని ఎచ్చటి వరకు వచ్చి ఎచ్చట ఆగిపోవుచున్నదో వెదకును. ఆ తావు దొరకిన పిమ్మటనే ఏ భాగము కావలయునో అతనికి తెలియును. ఈ వరుస తారుమారైనచో డబ్బు ఖర్చగును, రేడియో మాత్రము పలుకదు.

రేడియో తరంగములతోనే నడచు మరియొక వస్తువు కలదు. అది నమూనా విమానము. నేలపై నిలిచినవాడు చేతిలోని పెట్టెపై రెండు మీటలు కదల్చుచుండగా, ఆకసమున ఆ చిన్న విమానము అతని యిచ్ఛానుసారము తిరుగును. దాని మరమ్మతులో ఈ వరుస తప్పినచో పోవునది డబ్బు మాత్రమే కాదు. కిలో బరువుగల విమానము గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చి మనుష్యునకు తగిలినచో గాయము తప్పదు. కావున విమానము ఎట్లు విరిగినదని అడుగుటకు ముందు ఎందుకు పడినదని అడుగవలెను. ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

ఈ విద్య క్రొత్తది కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను తంతి లేకుండ నడిపి చూపెను. 1937లో అమెరికా దేశమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు ‘గఫ్’ అను నమూనా విమానమును రేడియోతో నడపిరి. 1960లో ఆ విమానము స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చేరెను. మన దేశమున ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులకు నమూనా విమాన నిర్మాణము శిక్షణలో ఒక భాగము.

విమానములోని భాగములను తెలిసికొన్నచో దోషమును వెదకుట సులభము. చేతిలోని పెట్టె ట్రాన్సుమిటరు. విమానములోనిది రిసీవరు. రిసీవరు అందుకొన్న ఆజ్ఞను సర్వో అను చిన్న మోటారు పెట్టెలకు పంపును. సర్వో తన చేతిని కదల్చును. ఆ చేయి సన్నని ఉక్కు తీగెను తోయును. ఆ తీగె రెక్కకుగాని తోకకుగాని అమర్చిన పలకను త్రిప్పును. ప్రొపెల్లరును త్రిప్పు మోటారుకు స్పీడు కంట్రోలరు అను పరికరము బ్యాటరీనుండి విద్యుత్తును కొలిచి యిచ్చును. సామాన్యముగా ఆ పరికరమే రిసీవరుకు, సర్వోలకు కూడ విద్యుత్తును అందించును. ఈ చివరి మాట గుర్తుంచుకొనదగినది.

విమానము పడినంతనే పరుగెత్తి దానిని ఎత్తరాదు. మొదట ట్రాన్సుమిటరుపై మోటారు మీటను పూర్తిగా క్రిందికి దించవలెను. పిదప ప్రొపెల్లరు త్రోవలో చేయి పెట్టకుండ బ్యాటరీని విడదీయవలెను. లిథియం పాలిమర్ బ్యాటరీకి దెబ్బ తగిలినచో కొంతసేపటి తరువాత కూడ నిప్పు పుట్టవచ్చును. దానిని కారులోగాని సంచిలోగాని వెంటనే పెట్టక, ఆరుబయట ఇసుకపై ఉంచి కనిపెట్టి చూడవలెను. అది ఉబ్బినను, నలిగినను మరల వాడరాదు.

పిమ్మట, జ్ఞాపకము చెదరకముందే, విమానము ఏ రీతిగా పడినదో కాగితముపై వ్రాసికొనవలెను. మోటారు ఆగినను తోకపలకలు మాట వినుచుండెనా? అట్లయినచో సామాన్యముగా బ్యాటరీ అడుగంటినదని అర్థము; మిగిలిన కొద్ది శక్తిని అదుపునకై దాచి, స్పీడు కంట్రోలరు మోటారును ఆపివేసియుండును. ఒక్క పలక మాత్రమే మాట విననిచో దోషము ఆ సర్వోలోగాని, దాని ప్లగ్గులోగాని, తోయు తీగెలోగాని ఉండును. అన్నియు ఒక్కసారి చచ్చుపడినచో రిసీవరుకు విద్యుత్తు అందలేదని గాని, తరంగము అందలేదని గాని అనుమానింపవలెను. అన్నియు చక్కగా పనిచేయుచున్నను పడినచో దోషము గాలిదో, నడపినవానిదో కావచ్చును. దానిని ఒప్పుకొనుట కష్టమేగాని, ఒప్పుకొన్నచో ఖర్చు తగ్గును.

ఒక ఉదాహరణము అనుకొందము. ఒక బాలుని విమానము ఎడమకు ఒరిగి నేలను గ్రుద్దినది. రెక్క విరిగినది. అతడు క్రొత్త రెక్క తెప్పించి బిగించెను. మరుసటి ఆదివారము అది మరల ఎడమకే ఒరిగి పడినది. రెక్క విరుగుట కార్యము, కారణము కాదు. రెక్కలోని సర్వో ప్లగ్గు వదులుగా ఉన్నది. గాలి కుదుపులకు అది ఊడుచున్నది. రూపాయి విలువ చేయని దారపు ముడితో తీరు దోషమునకు రెండు రెక్కలు బలి అయినవి.

దోషమును పట్టుటకు రేడియో మరమ్మతువారి పద్ధతియే మేలు. ముందుగా ప్రొపెల్లరును విప్పివేయవలెను. అనుమానమున్న సర్వోను రిసీవరులో వేరొక స్థానమున పెట్టి చూడవలెను. అచ్చటను కదలనిచో సర్వో చెడినది. అచ్చట కదలినచో దోషము మొదటి స్థానములోనో ట్రాన్సుమిటరులోనో ఉన్నది. సర్వోలోపల మోటారు తిరుగు ధ్వని వినబడుచున్నను చేయి కదలనిచో పండ్లచక్రములు అరిగినవని తెలిసికొనవలెను. అనేక సర్వోలకు ఆ చక్రములు విడిగా దొరకును. మొత్తము సర్వో కొననక్కరలేదు.

ఏరియల్ సంగతి రేడియోగల గృహస్థులకు క్రొత్త కాదు. పూర్వము అమెరికాలో ఈ విమానములకు 72 మెగాహెర్ట్జుల తరంగములు వాడుకలో ఉండెను. వాటి నాలుగవ వంతు పొడవు మీటరునకు కొంచెము ఎక్కువ. కావున విమానము వెనుక పొడుగాటి తీగె వ్రేలాడుచుండెను. ఒకే చానెలుపై ఇరువురు ఒక్కసారి ట్రాన్సుమిటర్లు వేసినచో విమానము కూలుటయే. సుమారు 2005 నుండి 2.4 గిగాహెర్ట్జుల పద్ధతి వ్యాపించి, ఆ బాధ చాలవరకు తీరినది. ఈ తరంగపు నాలుగవ వంతు 31 మిల్లీమీటర్లు మాత్రమే. రిసీవరు తీగె చివర పైతొడుగు లేక కనబడు చిన్న కొన అదియే. అది తెగినచో దగ్గరలో అంతయు బాగుగనే ఉన్నట్లు తోచును; దూరము పోయిన పిమ్మట విమానము చేజారును. కావున ప్రతి ప్రమాదము తరువాత ఈ కొనను తప్పక చూడవలెను.

ఇక విరిగిన దేహము మాట. విరిగిన ముక్కలలో ఒక్కదానినైనను పారవేయరాదు. అవియే క్రొత్త ముక్కకు నమూనా. ఎడమ రెక్క నుజ్జయినచో కుడి రెక్కను కాగితముపై పెట్టి గీత గీసి, ఆ కాగితమును బోర్లించినచో ఎడమ రెక్క పటము వచ్చును. బాల్సా కర్రతో చేసిన రెక్కలో నడిమి దూలము విరిగినచో ముక్కలను ఎదురెదురుగా ఆనించి అంటించుట చాలదు. రెండు కొనలను ఏటవాలుగా చెక్కి, ఆ వాలు కర్ర మందమునకు ఆరేడు రెట్లు ఉండునట్లు అతికి, ప్రక్కన పలుచని పట్టీ వేయవలెను. బాల్సా ముఖ్యముగా ఈక్వడార్ దేశమునుండి వచ్చు కర్ర. దొరకనిచోట చిన్న విమానములకు థర్మకోల్, ముడతల ప్లాస్టిక్కు అట్ట, వెదురు పుల్లలు చక్కగా ఉపయోగపడును. థర్మకోల్‌పై మామూలు తక్షణపు జిగురు వేయరాదు; అది నురుగును కరగించివేయును. నురుగునకు తగిన జిగురో, ఎపాక్సీయో వాడవలెను. నేటి నురుగు విమానములు కొన్నిటిలో సొట్టపడిన తావును వేడినీటిలో ముంచినచో సొట్ట చాలవరకు పొంగి సరియగును.

ప్రొపెల్లరును మాత్రము ఎన్నడును అతుకరాదు. పది అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 9,000 చుట్లు తిరుగునపుడు దాని కొన గంటకు సుమారు 430 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. అతుకు ఊడిన ముక్క ఆ వేగముతోనే ముఖము మీదికి వచ్చును. చిన్న నెరియ కనబడినను విరిచి పారవేయుటయే క్షేమము.

విడిభాగము కొనునపుడు విమానము పేరు చెప్పుట చాలదు; కొలత చెప్పవలెను. ప్రొపెల్లరుపై 10×6 అని యున్నచో మొదటిది అంగుళములలో వ్యాసము. రెండవది ఒక చుట్టుకు అది సిద్ధాంతరీత్యా ముందుకు సాగు దూరము. అంతకంటె పెద్దది బిగించినచో మోటారు ఎక్కువ విద్యుత్తును లాగి స్పీడు కంట్రోలరును కాల్చవచ్చును. మోటారుపై 2212 అని యున్నచో కొందరి తయారీలో అది లోపలి చుట్టల దిమ్మె కొలత, మరికొందరి తయారీలో వెలుపలి డబ్బా కొలత. స్వయముగా కొలిచి చూడనిదే నమ్మరాదు. మూడు మిల్లీమీటర్ల ఇరుసునకును 3.17 మిల్లీమీటర్ల ఇరుసునకును కంటికి భేదము తెలియదు. కాని ఒకదాని బిగింపు వేరొకదానికి పట్టదు. సర్వో చేతుల సంగతి ఇంకను చిత్రము. ఫుటాబా వారి ఇరుసునకు 25 పండ్లు, హైటెక్ వారికి 24, జె.ఆర్. వారికి 23. బలవంతముగా నొక్కినచో పట్టినట్లే ఉండి, గాలిలో జారును. బ్యాటరీపై 3ఎస్, 2200, 25సి అని యున్నచో మూడు సెల్లులు, 2.2 ఆంపియర్ గంటల నిలువ, 55 ఆంపియర్ల వరకు ఇచ్చు శక్తి అని తయారీదారుని మాట.

ఈ కొలతలు తెలిసినవానికి బజారు పెద్దదగును. ప్లగ్గులు, తీగెలు, సోల్డరింగు సామగ్రి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో, చెన్నపురి రిచీ వీధిలో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో దొరకును. తోయు తీగెకు సైకిలు పుల్ల మంచి ప్రత్యామ్నాయము. చిన్న బేరింగులు లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము చెప్పినచో బేరింగుల అంగడిలోనే దొరకును. వాటిపై విమానము పేరు ఉండనక్కరలేదు. తయారీ నిలిచిపోయిన విమానమునకు పాతదానినొకదానిని కొని, భాగములకై ఉంచుకొనుట కూడ తెలివియే. ఇంటిలో ఎల్లప్పుడు రెండు మూడు ప్రొపెల్లర్లు, సర్వో చేతులు, మరలు, రెక్కను కట్టు రబ్బరు పట్టీలు ఉంచుకొనవలెను. ఎండకు బిరుసెక్కిన రబ్బరు పట్టీ తెగి రెక్క ఎగిరిపోయినచో, అంత నష్టమును కొన్ని పైసల వస్తువు కలిగించినట్లగును.

మరమ్మతు పూర్తియైనంతనే ఎగురవేయరాదు. మొదటి పరీక్ష బరువుది. సామాన్యపు శిక్షణ విమానమున భారకేంద్రము రెక్క ముందంచునుండి దాని వెడల్పులో నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ ఉండవలెను. తోక ముక్కుకంటె దాదాపు మూడు రెట్లు దూరమున ఉండును గనుక, తోకకు పూసిన పది గ్రాముల జిగురును సరిదిద్దుటకు ముక్కున ముప్పది గ్రాములు చేర్చవలసివచ్చును. జిగురు ఎక్కువైనచో బలము హెచ్చునను భ్రమ దీనితో తొలగును.

రెండవ పరీక్ష దిక్కుది. విమానము వెనుక నిలిచి మీటను కుడికి త్రిప్పినచో కుడిరెక్క పలక పైకి లేవవలెను, ఎడమది దిగవలెను. మీటను తనవైపు లాగినచో తోకపలక పైకి లేవవలెను. సర్వో మార్చిన పిమ్మట ఇది తలక్రిందులగుట సాధారణము. ఆ స్థితిలో ఎగిరిన విమానము దిద్దినకొలది మరింత ఒరుగును.

మూడవది దూరపరీక్ష. ట్రాన్సుమిటరులో అందుకై ఏర్పరచిన తక్కువ శక్తి ఏర్పాటును వేసి, తయారీదారు చెప్పిన దూరము నడచి, పలకలు కదలుచున్నవేమో చూడవలెను. మోటారు ఆపి ఒకసారి, విమానమును మరియొకరు వెనుకనుండి గట్టిగా పట్టుకొనగా మోటారు నడపి ఒకసారి చూచుట ముఖ్యము. మోటారు ఆగియున్నపుడు సరిగా ఉండి, నడచునపుడు పలకలు వణకినచో విద్యుత్తు చాలుటలేదని గాని, తీగెల వలన చెరుపు కలుగుచున్నదని గాని గ్రహింపవలెను. ట్రాన్సుమిటరును ఆపివేసినచో మోటారు తనంతట తాను ఆగవలెను. ఈ పరీక్షను ప్రొపెల్లరు విప్పి చేయవలెను.

ఎగురవేయు తావు కూడ ముఖ్యమే. 2021 నాటి డ్రోన్ నియమములు 25 కిలోలకు మించక, విద్యకో పరిశోధనకో వినోదమునకో కంటిచూపు మేరలో ఎగురు విమానమును నమూనా విమానముగా నిర్వచించినవి. కాని చిన్నదైనను అది విమానమే. జనులు, తంతికంబములు, విమానాశ్రయములు దగ్గరలేని, అనుమతిగల మైదానమునే ఎన్నుకొనవలెను.

పిల్లవాడు విరిగిన విమానముతో యింటికి వచ్చినపుడు పెద్దలు రెండు విధముల తప్పు చేయుదురు. కొందరు కోపపడుదురు; కొందరు వెంటనే క్రొత్తది కొనియిత్తురు. రెండింటను వానికి నేర్చుకొనుటకు మిగులునది ఏమియు లేదు. ముక్కలను బల్లపై పరచి, ‘ఇది ఎందుకు పడినది?’ అని వానిని అడిగి, జవాబు దొరకువరకు ప్రక్కన కూర్చుండుడు. కారణము తెలిసిన నాడు జిగురు సీసా మూత తీయవచ్చును.