సరిహద్దు దాటే లారీకి బిల్టీయే సాక్షి.. సీఎంఆర్ కాగితంపై సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో డ్రైవర్లు చాలామందే ఉన్నారు. వారిలో కొందరు దేశాల సరిహద్దులు దాటే ట్రైలర్లు నడుపుతారు. లోడింగ్ దగ్గర చేతికి కాగితాలిచ్చి 'ఇక్కడ సంతకం పెట్టు' అంటారు. తొందరలో పెట్టేస్తారు. తర్వాత సరుకు తగ్గిందనో, తడిసిందనో గొడవ వస్తే ముందు బయటికి తీసేది ఆ సంతకాన్నే.

ఏమిటీ సీఎంఆర్?

రోడ్డు మార్గంలో దేశం నుంచి దేశానికి సరుకు రవాణాపై 1956లో జెనీవాలో కుదిరిన ఒప్పందం పేరే సీఎంఆర్. 1961 నుంచి అమల్లో ఉంది. యూరప్ దేశాలతో పాటు తుర్కియే, ఇరాన్, జోర్డాన్ కూడా ఇందులో ఉన్నాయి. సరుకు ఎక్కించే దేశం, దించే దేశం వేరువేరై, వాటిలో ఒక్కటి సభ్య దేశమైనా చాలు, ఈ నిబంధనలు వర్తిస్తాయి. ఉదాహరణకు అమ్మాన్‌లో లోడ్ చేసి రియాద్‌లో దించే సరుకుకు, జోర్డాన్ సభ్య దేశం కాబట్టి, ఇవి వర్తిస్తాయి.

ఈ ఒప్పందం ప్రకారం రాసే బిల్టీనే సీఎంఆర్ నోట్ అంటారు. అసలు ప్రతులు మూడు ఉంటాయి. ఒకటి సరుకు పంపేవారికి, ఒకటి సరుకుతో పాటు వెళ్లడానికి, మూడోది రవాణా కంపెనీకి. పంపేవారు, అందుకునేవారు, రవాణా కంపెనీ పేర్లు, చిరునామాలు, సరుకు వివరం, పెట్టెల సంఖ్య, మొత్తం బరువు, కిరాయి, కస్టమ్స్ సూచనలు అందులో ఉండాలి. కాగితం పోయినా, అందులో తప్పున్నా ఒప్పందం మాత్రం రద్దు కాదు.

రిమార్కు రాయకపోతే?

సరుకు తీసుకునేటప్పుడు పెట్టెల లెక్క, వాటిపై గుర్తులు, పైకి కనిపించే స్థితి చూసుకోవాల్సిన బాధ్యత రవాణా కంపెనీది. ఆ పని అక్కడ చేసేది డ్రైవరే. నోట్‌పై ఏ అభ్యంతరమూ రాయకపోతే, పెట్టెల లెక్క సరిగ్గా ఉందని, సరుకు బాగుందని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సిన భారం కంపెనీ మీద పడుతుంది.

అందుకే '3 పెట్టెలు తడిసి ఉన్నాయి' అనో, 'ముందే సీల్ వేశారు, లెక్కించే వీలు లేదు' అనో కారణంతో సహా రాయాలి. పంపినవారు కూడా నోట్‌లోనే ఒప్పుకుంటే ఆ రిమార్కుకు బలం ఎక్కువ.

అందుకునేవారికీ గడువులున్నాయి. పైకి కనిపించే నష్టాన్ని డెలివరీ సమయంలోనే చెప్పాలి. లోపల దాగిన నష్టమైతే ఆదివారాలు, సెలవులు తీసేసి 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. దావాకు సాధారణంగా ఏడాది గడువు.

పరిహారం ఎంత?

1978 ప్రోటోకాల్ ప్రకారం తగ్గిన బరువులో కిలోకు 8.33 ఎస్‌డీఆర్‌కు మించదు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే విలువ. 20 కిలోల పెట్టెలు రెండు పోతే గరిష్ఠంగా 333.2 ఎస్‌డీఆర్. లోపల ఖరీదైన ఫోన్లున్నా పరిమితి అంతే. ఎక్కువ కావాలంటే అదనపు రుసుము కట్టి సరుకు విలువను ముందే నోట్‌లో రాయించాలి.

సరుకు యజమానికి జవాబుదారీ రవాణా కంపెనీయే. డ్రైవర్ జీతంలో కోత పెట్టొచ్చా లేదా అన్నది మాత్రం ఆ దేశ కార్మిక చట్టం, ఉద్యోగ ఒప్పందం తేల్చే విషయం. అక్కడ కూడా రిమార్కు రాసిన ప్రతే డ్రైవర్‌కు పెద్ద ఆధారం.

మన దగ్గర

భారత్ సీఎంఆర్‌లో లేదు. 2017లో టీఐఆర్ ఒప్పందంలో చేరింది. అది సీల్ వేసిన బండి కస్టమ్స్ దాటడానికి సంబంధించినది, సరుకు నష్టానికి కాదు. దేశం లోపల 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ఉంది. దాని ప్రకారం కూడా సరుకు రసీదు మూడు ప్రతులు రాసి, అసలుది పంపినవారికి ఇవ్వాలి.

ఊరి లారీ అయినా, ఎడారి దాటే ట్రైలర్ అయినా పద్ధతి ఒక్కటే. ముందు లెక్క చూడాలి, తేడా ఉంటే రాయాలి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. సంతకం ఆ తర్వాతే.