ఎం.జి.బి. కారు బంపర్లు

ఎం.జి.బి. ఇంగ్లాండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుండి 1980 వరకు తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. మడవగలిగే పైకప్పు గల రోడ్‌స్టర్, 1965లో వచ్చిన స్థిరమైన పైకప్పు గల జి.టి. అని దీనికి రెండు రూపాలు ఉన్నాయి. ఇందులోని 1798 సీసీ ఇంజను బి.ఎం.సి. సంస్థ రూపొందించిన బి-సిరీస్‌కు చెందినది. తెలుగువారికి సుపరిచితమైన అంబాసిడర్ కారులో దశాబ్దాల పాటు వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఈ కుటుంబానిదే. పద్దెనిమిదేళ్ళలో ఎం.జి.బి. ఆకృతి పెద్దగా మారలేదు. అందువలన కారు ఏ కాలానిదో తెలుసుకొనుటకు ముందుగా చూసేది బంపర్లనే.

క్రోమ్ బంపర్లు

1974 వరకు ఈ కార్లకు క్రోమ్ పూత పూసిన సన్నని ఉక్కు బంపర్లు ఉండేవి. వాటిపై నిలువుగా ఉండే దిమ్మెలను ఓవర్‌రైడర్లు అంటారు. 1970 మోడలులో అమెరికాకు పంపిన కార్లకు మాత్రం వెనుక బంపరు రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో నంబరు పలక ఉంటుంది. మరుసటి సంవత్సరమే మళ్ళీ ఒకే ముక్క బంపరు వచ్చినందున దీనిని గుర్తుపట్టడం తేలిక.

1974 మోడలు అమెరికా కార్లలో క్రోమ్ బంపర్లకు పెద్ద నల్లని రబ్బరు ఓవర్‌రైడర్లు అమర్చారు. వీటికి బ్రిటిష్ నటి సబ్రీనా పేరు వ్యవహారంలో స్థిరపడింది.

రబ్బరు బంపర్లు

మార్పుకు కారణం అమెరికా చట్టం. అక్కడ 1973 మోడలు నుండి, కారు గంటకు 5 మైళ్ళ (సుమారు 8 కి.మీ.) వేగంతో ముందువైపు ఢీకొన్నా దీపాలు, ఇంధన వ్యవస్థ వంటివి చెడరాదనే నిబంధన అమలులోకి వచ్చింది. తరువాత వెనుకవైపుకు కూడా అదే వేగం వర్తించడమే కాక, బంపరు ఉండవలసిన ఎత్తునూ నిర్ణయించారు. ఎం.జి.బి.కి అమెరికాయే ప్రధాన విపణి. కనుక 1974 చివరి నుండి అన్ని దేశాల కార్లకూ పెద్ద నల్లని బంపర్లు వచ్చాయి. రబ్బరు అని పేరే గాని ఇవి నిజానికి ఉక్కు చట్రంపై పాలీయురేథేన్ తొడుగులు. ముందరి గ్రిల్లు బంపరులోనే కలిసిపోయింది. హెడ్‌లైట్ల కింద ఉండే సూచిక దీపాలు కూడా బంపరులోకి చేరాయి.

ఎత్తు నిబంధన కోసం బంపరును మాత్రమే పైకి జరపక, కారునే సుమారు ఒక అంగుళం పైకి లేపారు. ఫలితంగా మలుపులలో కారు ఎక్కువగా ఒరగసాగింది. స్పోర్ట్స్ కారుకు ఇది చిన్న లోపం కాదు. 1976లో ముందు, వెనుక యాంటీ రోల్ బార్లు అమర్చి కొంతవరకు సరిదిద్దారు. అమెరికా ప్రభుత్వం 1982లో ఈ పరిమితిని 2.5 మైళ్ళకు సడలించింది, అప్పటికే ఎం.జి.బి. ఉత్పత్తి ఆగిపోయింది.

మార్చిన కార్లు

క్రోమ్ బంపర్ల కార్లకు సాధారణంగా ఎక్కువ ధర పలుకుతుంది. అందుచేత రబ్బరు బంపర్లు తీసివేసి క్రోమ్‌వి బిగించిన కార్లు చాలా ఉన్నాయి. ఇది తప్పేమీ కాదు గాని, అటువంటి దానిని పాత కారని నమ్మి కొన్నవారికి నష్టమే. కేవలం బంపర్లు మార్చి ఎత్తు తగ్గించకపోతే చక్రానికి, పై అంచుకు మధ్య ఖాళీ ఎక్కువగా కనబడుతుంది. ఎత్తును కూడా తగ్గించి ఉంటే సీట్ల వెనుక చూడాలి. క్రోమ్ కాలపు కార్లలో రెండు 6 వోల్టుల బ్యాటరీలకు రెండు పెట్టెలు ఉంటాయి, రబ్బరు కాలపు వాటిలో ఒకే 12 వోల్టుల బ్యాటరీకి ఒకటే పెట్టె ఉంటుంది. బ్యాటరీలను లెక్కించి ప్రయోజనం లేదు, ఎందుకంటే పాత కార్లలోనూ తరువాత ఒకే బ్యాటరీ పెట్టినవారు ఉన్నారు. ఛాసిస్ సంఖ్య మొదట్లోని అక్షరాలను బట్టి రోడ్‌స్టరా (జి.హెచ్.ఎన్.), జి.టి.యా (జి.హెచ్.డి.) అనేది తెలుస్తుంది. వాటి పక్కనుండే 5 అంకె క్రోమ్ కాలపు చివరి కార్లకూ, రబ్బరు కాలపు కార్లకూ ఒకటే కాబట్టి, దాని తరువాత వచ్చే వరుస సంఖ్యను కూడా పోల్చి చూడవలసి ఉంటుంది.