సలాం తిప్పినంక అసలు పరీక్ష

రంజాన్ ఆఖరి జుమ్మా నాడు చార్మినార్ కాడికి పోయి చూడుండ్రి. మక్కా మసీదుల పదివేల మంది పడతరు అంటరు గని, ఆ రోజు అది ఏ మూలకు సాలదు. నమాజు వరుసలు గేటు దాటి సడక్ మీదికి, పత్తర్‌గట్టి దిక్కుకు వస్తయి. ఆ వరుసను సఫ్ అంటరు. లాడ్‌బజార్ సేటు బాజుకే మండీల మూటలు మోసే హమాలీ నిలబడతడు. భుజానికి భుజం ఆనిచ్చి నిలబడాలె, అది కట్టుబాటు. ఇద్దరి నొసలు ఒక్కటే నేలకు తాకుతది.

జరసేపట్ల నమాజు అయిపోతది. కుడికి, ఎడమకు సలాం తిప్పి లేస్తరు. నేను మాట్లాడేది గా లేసిన తర్వాత సంగతి.

ఇస్లాంల గర్వాన్ని తకబ్బుర్ అంటరు. వినయాన్ని తవాజు అంటరు, పాతబస్తీ ఇండ్లల్ల ఆజిజీ అని గూడ అంటరు. ఖురాన్ చెప్పే ఆదం కథల మొదటి తప్పు దొంగతనం కాదు, ఖూనీ కాదు. ఇబ్లీస్ గర్వం. ఆదం ముందు వంగమంటే వంగలే. తను నిప్పుతోని పుట్టిండట, ఆదం మట్టితోని పుట్టిండట, అందుకే తనే ఎక్కువట. జర ఆగి ఆలోచించు తమ్మీ. ఇబ్లీస్ చూపిచ్చింది తన పని కాదు, తన పుట్టుక. మన ఊర్లల్ల కులం పేరు మీద మాట్లాడేది గూడ గిదే గదా.

మరి గర్వమంటే ఏందో ఎట్ల గుర్తుపట్టాలె? సహీ ముస్లిం హదీసుల ఒక ముచ్చట ఉన్నది. మంచి బట్టలు, మంచి చెప్పులు ఏసుకోవాలని మనిషికి ఉంటది, అది గూడ గర్వమేనా అని ప్రవక్తను ఒకాయన అడిగిండు. కాదన్నడు ప్రవక్త. నిజాన్ని ఒప్పుకోకపోవుడు, మనుషులను చిన్నచూపు చూసుడు, గీ రెండే గర్వమన్నడు.

గీ కొలత పెడితే మస్తు లెక్కలు తారుమారైతయి. పండుగకు కొత్త షేర్వాణీ కుట్టిచ్చుకుంటే తప్పు లేదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ బొమ్మను 1937 ఫిబ్రవరిల టైం పత్రిక కవర్ మీద ఏసి, లోకంల అందరికన్న ధనవంతుడని రాసింది. ఆయనేమో పాత టోపీ, సాదా బట్టల తిరిగెటోడు. అది వినయమని కొందరు, పిసినారితనమని కొందరు ఇప్పటికీ కొట్లాడుకుంటరు. బట్టలను చూసి లెక్కేసుడే తప్పంట నేను. ఆయన రాజ్యంల దొరల కింద వెట్టి చేసినోళ్ల మాట దర్బారుల ఎవరన్న విన్నరా అని అడగాలె.

ఇగ సఫ్ కాడికి వద్దాం. నమాజుల లేని మెట్లు పెండ్లి మాటల బయటపడతయి. పోరడు సయ్యదా, పఠానా, ఖురేషీనా, దూదేకులోళ్లా అని ముందుగాల అడుగుతరు. ఇస్లాంల కులం లేదని చెప్పేటోళ్లే అడుగుతరు! సర్కారు కాయితాలల్ల గూడ ఈ మెట్లు ఉన్నయి. 2007ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందుల పకీర్లు, ధోబీలు, హజామ్‌లు, ఖురేషీలు ఉన్నరు. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్ లాంటోళ్లను పక్కకు పెట్టింది. దూదేకులోళ్లు బీసీ-బిల, మెహతర్లు బీసీ-ఏల ఉన్నరు. మెట్లు లేకుంటే ఆ చట్టంతోని పనే లేకుండె.

630ల మక్కాను గెలిచిన నాడు, బానిసగ బతికిన హబషీ బిలాల్‌ను కాబా మీదికి ఎక్కి అజాన్ ఇయ్యమన్నడు ప్రవక్త. వంశం చెప్పుకుని బతికిన ఖురైష్ పెద్దలకు అది మింగుడుపడలే. బిలాల్ పేరు మన పిల్లలకు ప్రేమతోని పెట్టుకుంటం. హజాం ఇంటికి పిల్లనిచ్చేటప్పుడు మాత్రం ఆ బిలాల్ యాదికి రాడు.

ఇంకో తిరకాసు ఉన్నది. బస్తీలల్ల ఆజిజీ గురించి ఎప్పుడు చెప్పినా గరీబోనికే చెప్తరు. ఆటో నడిపెటోడు, ఇంట్ల పని చేసే ఆమె తల వంచుకుని ఉండాలె, సబర్ పట్టాలె అంటరు. ఖురాన్ల అబస సూరా తీసి చూడుండ్రి. ప్రవక్త ఖురైష్ పెద్దమనుషులతోని మాట్లాడుతుంటే, ఇబ్న్ ఉమ్మె మక్తూం అనే కండ్లు లేనాయన వచ్చి అడ్డం అడిగిండు. ప్రవక్త మొకం చిట్లిచ్చిండు. ఖురాన్ తప్పువట్టింది మధ్యల వచ్చిన గుడ్డాయనను కాదు, ప్రవక్తనే. ఆ మాటలను ఇయ్యాల్టికీ నమాజుల చదువుతరు. వినయం అడగాల్సింది పైనున్నోన్ని.

1111ల చనిపోయిన ఇమాం గజాలీ గర్వానికి ఏడు కారణాలు రాసిండు. చదువు, ఇబాదత్, వంశం, అందం, పైసలు, బలం, ఎనుకబడి వచ్చే జనం. తొమ్మిది వందల ఏండ్ల కిందనే ఫాలోవర్ల సంగతి పట్టుకున్నడు సూడు! మందు గూడ చెప్పిండు, ఉపన్యాసం తీరుగ కాదు, పని తీరుగ. ఇంటి సామాను బజార్లకెళ్లి నువ్వే మోసుకుని రా. గరీబోడు దావత్‌కు పిలిస్తే పో. దావత్‌ల నీ సాటోళ్లను పైన కూసోబెట్టి నువ్వు కింద కూసో. అయితే చెప్పుల కాడ కూసుని, చూడుండ్రి నేనెంత తగ్గిన్నో అని లోపల మురుస్తే అది గూడ తకబ్బురే అన్నడు. దాన్ని కనిపెట్టుడు కష్టం.

ఆయన మొదటి పరీక్ష ఇంకా కష్టం. వాదన నడుస్తున్నప్పుడు నిజం అవతలోని నోట్లకెళ్లి వస్తే, మనసుల ఇబ్బంది లేకుంట ఒప్పుకుంటవా? మీ ఊరి వాట్సాప్ గ్రూపుల ఇయ్యాలే చేసి చూడొచ్చు. "నువ్వన్నదే కరెక్ట్" అని అందరి ముంగట రాయాలె. ఆ మాట అన్నది మీ ఇంట్ల బోళ్లు తోమే ఆమె కొడుకైతే ఇంకా జల్ది తెలుస్తది.