పసిబిడ్డకు ఏమి కావలెను?

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మన పెద్దలు తొందరపాటు మనుష్యులను ఎగతాళి చేసెడివారు. నేటి సోమలింగమునకు పేరు మాట అటుండగా, తల్లి కడుపున మూడు నెలలు నిండకముందే సామానుల పట్టిక సిద్ధమగుచున్నది. తోపుడుబండి, పరుపు, దిండ్లు, పాలసీసాలు, వానిని ఉడికించు యంత్రము, బొమ్మలు ఇవన్నియు బిడ్డకంటె ముందుగా ఇల్లు చేరుచున్నవి.

గత సంవత్సరము మా పాఠశాలలోని యువ ఉపాధ్యాయుడొకడు విరామసమయమున అట్టి పట్టిక నొకదానిని నా ముందు పరచెను. ఆయన భార్యకు అప్పుడు ఏడవ నెల. పట్టణములోని ఒక దుకాణమువారు అచ్చువేసి ఇచ్చిన ఆ కాగితములో 43 వస్తువులున్నవి. వెలలన్నియు కూడి చూడగా ఆయన నెలజీతము చాలదు. "మాస్టారూ! వీటిలో నిజంగా కావలసినవేవి? ఏ ఒక్కటి కొనకపోయినా బిడ్డకు లోటు చేసినవాణ్ణవుతానేమోనని భయంగా ఉంది" అని అడిగెను.

ఆ భయమే నన్ను ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పురికొల్పినది. తొలిచూలు తల్లిదండ్రుల మనస్సులో బెరుకు సహజము. ఆ బెరుకును ఆధారము చేసికొని నేడు పెద్ద వర్తకమే సాగుచున్నది. ప్రేమను ఖర్చుతో కొలువవచ్చునను భ్రమ చదువుకొన్నవారిని సైతము విడువలేదు. "ముందు ఈ పట్టికను మడచి జేబులో పెట్టుకొనుము. వస్తువుల సంగతి పిదప చూతము. బిడ్డ అవసరములేవో మొదట తెలిసికొందము" అని మాత్రము అప్పుడు నేను ఆయనతో అంటిని.

నాలుగు అవసరములు

ఆలోచించి చూచినచో అప్పుడే పుట్టిన శిశువునకు కావలసినవి నాలుగే: వెచ్చదనము, పాలు, శుభ్రత, అపాయము లేని నిద్ర. ఈ నాలుగింటిని కనిపెట్టి చూచు పెద్దల కన్ను అయిదవది. ఏ వస్తువునైనను కొనబోవునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఆ నాలుగింటిలో దేనికి ఉపకరించును? ఇంటనున్న మరియొక వస్తువు ఆ పని చేయజాలదా? దీనివలన బిడ్డకు కీడు కలుగు అవకాశమున్నదా? ఈ మూడు ప్రశ్నలకు నిలువగలిగిన వస్తువులు చాల తక్కువ.

మొదట వెచ్చదనము. పసిబిడ్డ శరీరము చిన్నది. కాని బరువుతో పోల్చినచో దాని చర్మపు వైశాల్యము ఎక్కువ. చర్మము క్రింద కొవ్వు పలుచన. పెద్దలవలె వణకి వేడిని పుట్టించుకొను శక్తి శిశువునకు లేదు. అందుచేత పుట్టిన వెంటనే తడి తుడిచి, పొడిబట్టలో చుట్టి, తలకు టోపీ పెట్టవలెనని వైద్యులు చెప్పుదురు. మొదటి స్నానమును 24 గంటలు దాటువరకు ఆపవలసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఇందుకు కావలసినదెల్ల మెత్తని నూలుబట్టయే. దానికి మన భాషలో పొత్తిగుడ్డ యను చక్కని మాట కలదు. అమ్మమ్మ కట్టి విడిచిన నేతచీర చింపి ఉతికి ఎండలో ఆరవేసినచో అంతకంటె మంచి పొత్తిగుడ్డ దుకాణములో దొరకదు. పుట్టిన బిడ్డకు మొదట పాతబట్టయే చుట్టవలెనను ఆచారము అనేక ఇండ్లలో నేటికిని ఉన్నది. దానికి పెద్దలు చెప్పు కారణము ఏదైనను, గంజి వదలి నలిగిన బట్ట పసిచర్మమునకు హితవు.

అమ్మ ఒడి, శాస్త్రము

బట్టకంటె వెచ్చనైనది మరియొకటి కలదు. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున, బొగొటా నగరపు ఆసుపత్రిలో ఎద్గార్ రే అను శిశువైద్యుడు ఒక చిక్కులో పడెను. నెలలు నిండక పుట్టిన శిశువులను ఉంచుటకు వెచ్చని పెట్టెలు చాలకుండెను. ఒక పెట్టెలో ఇద్దరు ముగ్గురిని ఉంచవలసి వచ్చెడిది; ఒకరి రోగము మరియొకరికి అంటుకొనెడిది. పెట్టెలకు బదులు ఆ వైద్యుడు తల్లులనే ఆశ్రయించెను. బిడ్డను నిలువుగా తల్లి రొమ్ముపై, చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచు పద్ధతిని ప్రారంభించెను. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో మోయునట్లుండుటచే దానికి కంగారూ సంరక్షణ యను పేరు వచ్చినది.

పేదరికమునకు మందుగా పుట్టిన ఈ పద్ధతి తరువాత శాస్త్రపరీక్షలో నెగ్గినది. భారతదేశముతో సహా అయిదు దేశములలో జరిగి 2021లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి, తక్కువ బరువుతో పుట్టిన శిశువును యంత్రములో కుదుటపడువరకు ఆపక, పుట్టిన వెనువెంటనే తల్లి రొమ్ముపై ఉంచినచో మరణములు నాలుగవవంతు తగ్గునని తేల్చినది. కోట్ల విలువగల యంత్రములున్న కాలములో తల్లి ఒడికి దక్కిన యోగ్యతాపత్రమిది.

పాలసీసా, ఉగ్గుగిన్నె

రెండవది పాలు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీరు కూడ అక్కరలేదని వైద్యుల ఏకాభిప్రాయము. అయినను ప్రతి పట్టికలోను పాలసీసాలు మొదటి వరుసలో నిలుచును. పీకకును మూతకును నడుమ పాలజిడ్డు చేరును; ఎంత కడిగినను ఆ సందులు శుభ్రపడుట కష్టము. విరేచనములకు అది దారి. ఈ అపాయమును గుర్తించియే మన పార్లమెంటు 1992లో ఒక చట్టము చేసినది. 2003లో దానిని మరింత బిగించినది. తల్లిపాలకు బదులు వాడు డబ్బాపాలకు గాని, పాలసీసాలకు గాని ప్రకటనలు చేయుట, తల్లులకు ఉచితముగా పంచిపెట్టుట ఈ చట్టము ప్రకారము నేరము. ప్రకటన చేయుటయే నేరమైన వస్తువు మన కొనుగోలు పట్టికలో తొలి స్థానమున నుండుట వింత గదా!

తల్లి రొమ్ము అందుకొనలేని బలహీన శిశువున్నచో ఏమి చేయవలెను? మన ఇండ్లలో ఉగ్గుగిన్నె యను చిన్న ముక్కుగల గిన్నె ఉండెడిది. నేటి ఆసుపత్రులలో నెల తక్కువ బిడ్డలకు పిండిన తల్లిపాలు పట్టుటకు వాడు పాలాడై కూడ ఇట్టి ముక్కుగిన్నెయే. మూలలు లేని నున్నని గిన్నె గనుక నీటిలో మరిగించిన చాలును. ఉగ్గుగిన్నె ఆకారమును నేటి వైద్యము మెచ్చుకొన్నది; అందులోని ఉగ్గును మాత్రము అంగీకరింపలేదు. పుట్టిన బిడ్డకు ఆముదము కలిపిన పాలు, తేనె మొదలగునవి నాకించుట మానవలసినదే. పూర్వాచారమంతయు మంచిదే యనుటయు, అంతయు మూఢమే యనుటయు రెండును తొందరపాటు మాటలు. ఆరు నెలలు నిండిన పిదప మెత్తని పప్పన్నము, నేతిబొట్టు, నలిపిన అరటిపండు ఉండనే యున్నవి.

శుభ్రత, నిద్ర

మూడవది శుభ్రత. ఇందుకు సబ్బు, నీరు, ఎండ మూడును ముఖ్యము. బిడ్డ నెత్తుకొనువారి చేతులు కడుగుకొనుట అన్నిటికంటె ముఖ్యము. బొడ్డును పొడిగా ఉంచినచో అదియే రాలిపోవును. దానిపై ఏమియు పూయరాదు. సువాసన పొడులు అలంకారమే గాని అవసరము కాదు. ఆ సన్నని ధూళి పసివాని ఊపిరిలోనికి పోవుట మంచిది కాదు. బజారు కాటుకలలో సీసపు కలుషితముండు ప్రమాదమున్నందున వైద్యులు వానిని వద్దందురు. స్నానము చేయించిన తరువాత చెవులలో, ముక్కులో నూనె పోయుట కూడ తగదు. కాని కాళ్లు చాచుకొని కూర్చుండి, వానిపై బిడ్డను పరుండబెట్టి, గోరువెచ్చని నీళ్లు పోయు నాయనమ్మ నేర్పునకు సాటి వచ్చు స్నానపుతొట్టె మాత్రము ఇంకను తయారు కాలేదు.

నాలుగవది నిద్ర. మొదటి సంవత్సరమున బిడ్డను గట్టిగా, సమతలముగా ఉండు పడకపై వెల్లకిల పరుండబెట్టవలెనని శిశువైద్యుల హెచ్చరిక. దిండ్లు, మెత్తని బొమ్మలు, వదులు దుప్పట్లు ముఖముపై పడి ఊపిరి కడ్డము రావచ్చును. అనగా పట్టికలోని అందమైన పరుపుసెట్టులో సగము పనికిరాదు. పనికిరాకపోవుటయే గాదు, అపాయము కూడ. మన చీర ఉయ్యాలలోను బిడ్డ ముడుచుకొని గడ్డము రొమ్మున కానుకొనుట కలదు. ఊపి నిద్రపుచ్చుట మన ముచ్చట. నిద్రపోయిన పిదప చాపపై పరచిన బొంత మీదికి మార్చుట వివేకము. దానిపై ఒక దోమతెర తప్పనిసరి.

నడక నేర్పునని అమ్ము చక్రాలబండి నిజమునకు నడకను నేర్పదు. మెట్లమీదనుండి పడుటకు, వేడి పాత్రల నందుకొనుటకు అది వేగము నిచ్చును. కెనడా దేశము 2004లో దాని అమ్మకమునే నిషేధించినది.

పెట్టెలు ఇచ్చిన ప్రభుత్వములు

పేదతల్లికి ఈ కొద్ది వస్తువులైనను అందని స్థితి ఉన్నది. ఫిన్లండు దేశమున 1930ల దశకములో పుట్టిన వెయ్యి మందిలో సుమారు 65 మంది శిశువులు మరణించుచుండిరి. ఆ ప్రభుత్వము 1938లో పేదతల్లులకు బట్టలు, పరుపు గల అట్టపెట్టె ఇచ్చుట మొదలిడి, 1949లో తల్లులందరికిని విస్తరించినది. నాలుగవ నెల దాటకముందే వైద్యపరీక్షకు రావలెనన్నది దానికి షరతు. ఆ పెట్టెయే ఎందరో శిశువులకు తొలి పడక అయినది. మన తెలంగాణలో 2017లో ప్రభుత్వాసుపత్రులలో ప్రసవించిన తల్లులకు దోమతెర, బట్టలు, సబ్బులతో కూడిన 16 వస్తువుల పెట్టెను ఇచ్చుట ఆరంభించిరి. ఇట్టి పెట్టెల విలువ వానిలోని వస్తువులకంటె, అవి తల్లిని వైద్యుని వాకిటికి రప్పించుటలో ఉన్నది.

తెలంగాణ సరిహద్దున నున్న గడ్చిరోలీ జిల్లా అనుభవము కూడ ఇదియే చెప్పుచున్నది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1995లో 39 పల్లెలలో గ్రామస్త్రీలకు శిశుసంరక్షణ నేర్పిరి. వారి సంచిలో నున్నవి త్రాసు, జ్వరమాని, ఊపిరి లెక్కించు సాధనము, వెచ్చని సంచి, కొన్ని మందులు. మూడవ సంవత్సరమునకు ఆ పల్లెలలో నెలలోపు శిశుమరణములు 62 శాతము తగ్గెనని 1999లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. 2011లో మన దేశము ఆ మార్గమునే అనుసరించి ఆశా కార్యకర్తలను ఇంటింటికి పంపుట ప్రారంభించినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజులలో వారు వచ్చి తూచి చూడవలెను. నేను చెప్పిన అయిదవ అవసరము ఇదియే, కనిపెట్టి చూచు కన్ను.

మిత్రుని పట్టిక

మా యువ మిత్రునితో కూర్చుండి చివరకు ఒక కాగితము వ్రాసితిమి. పాత నూలుబట్టలు రెండు డజనులు, టోపీలు, మేజోళ్లు మూడేసి జతలు, ముందు విప్పుటకు వీలైన చొక్కాలు ఆరు, ఒక వెచ్చని దుప్పటి, దోమతెర, జ్వరమాని, మూతగల స్టీలుగిన్నె, చెంచా, మంచి సబ్బు, టీకాల కార్డు దాచుటకు ఒక సంచి. బట్టలు బంధువుల ఇండ్లనుండియే వచ్చెను. మిగిలిన సొమ్ము బ్యాంకులో నుంచెను.

మూడు వారములు తిరుగకముందే ఆ సొమ్ముతో పని పడినది. ఎనిమిదవ నెలలోనే ఆడపిల్ల పుట్టినది. బరువు 1,800 గ్రాములు. అర్ధరాత్రి జిల్లా కేంద్రమునకు తరలింపవలసి వచ్చెను. అక్కడి నర్సమ్మ అడిగినవి మూడే: టోపీ, మేజోళ్లు, ఒక పొడిబట్ట. పిదప తల్లి రొమ్ముపై బిడ్డను కట్టెను. తల్లి అలసి నిద్రించు వేళల తండ్రిని చొక్కా గుండీలు విప్పుకొని కూర్చుండుమనెను. ఇరువురు వంతులవారీగా పగలనక రాత్రియనక మోసిరి. పాలు పిండి ముక్కుగిన్నెతో పట్టిరి. ప్రతిదినము త్రాసులో ముల్లు ఎటు కదలునా యని చూచుచు ప్రాణములు అరచేత పెట్టుకొనిరి. మొదట కొంత తగ్గినది, పదవ రోజున నిలిచినది, పిమ్మట పెరుగనారంభించినది. నెల గడచి ఇల్లు చేరిరి.

మొన్న ఆ చిన్నారికి ఏడాది నిండినది. వేడుకకు పోయినప్పుడు ఆమె ఒక ఖాళీ సత్తుగిన్నెను గరిటెతో వాయించుచు, చుట్టములు తెచ్చిన బొమ్మలవంక చూడనైనను చూడకుండెను. మిత్రుడు ఆనాటి దుకాణము కాగితమును తీసి నాకు చూపించెను. "ఇది కొని ఉంటే, ఆ రాత్రి కారుకు కూడా డబ్బుండేది కాదు మాస్టారూ" అనెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పై తరగతుల విద్యార్థులచేత ఈ పట్టికను ఒక అభ్యాసముగా వ్రాయింపుడు. ఇంటిలోని అమ్మమ్మను, ఊరిలోని ఆశా కార్యకర్తను అడిగి, ఒక్కొక్క వస్తువు ప్రక్కన అది ఏల కావలెనో, ఏల అక్కరలేదో వ్రాయుమనుడు. ఆడపిల్లలతో పాటు మగపిల్లలును వ్రాయవలెను. రేపు వారే తల్లిదండ్రులు. ఆనాడు దుకాణము చూపు భయమునకు లొంగక, బిడ్డకు ఏమి కావలెనో తామే నిర్ణయించుకొనగల ధైర్యము వారికి ఇప్పటినుండియే అలవడవలెను.